శరీరము స్వామి సొమ్ము

సింహగిరిపై వెలసిన శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారు సంవత్సరమునకు ఒక్క దినము, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిత్తురు. తక్కిన దినములన్నియు ఆ తిరుమేని చందనముచే కప్పబడియుండును. అక్షయతృతీయనాడు మూడు మణుగులు, పిదప వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మూడేసి మణుగులు, ఇట్లు నాలుగు విడతలుగా పండ్రెండు మణుగుల చందనమును స్వామికి సమర్పింతురు. ఉగ్రమూర్తియైన స్వామి తాపమును చల్లార్చుటకే ఈ సేవ యని పెద్దలు చెప్పుదురు. ఇది గాక మేలుకొలుపు, తిరుమంజనము, ఆరగింపు, పవళింపు అని ప్రతిదినము వేళ తప్పని సేవలు కలవు. ఒక్క గడియ ఆలస్యమైనను అపచారమగునేమో యని అర్చకస్వాములు కలతపడుదురు.

ఆకలిదప్పులు లేని పరమాత్మ మన కొరకై అర్చామూర్తిగా దిగివచ్చి, దేహధర్మములన్నింటిని అంగీకరించి, వేళకు స్నానమును, వేళకు నైవేద్యమును, వేళకు విశ్రాంతిని స్వీకరించుచున్నాడు. ఆకలిదప్పులతో పుట్టిన మనమో, ఆ స్వామికి హారతి పట్టి ఇంటికి వచ్చి, మన దేహము ఏమి చెప్పుచున్నదో వినుటకు ఒక్క క్షణమైనను కూర్చుండము. ఈ మాట ఇతరులను గూర్చి వ్రాయుటలేదు. నన్ను గూర్చియే వ్రాయుచున్నాను.

నేను ముప్పది సంవత్సరములకు పైగా ఈ విశాఖపట్టణములో మూడు షిఫ్టుల కొలువు చేసినవాడను. ఒక వారము తెల్లవారుజామున, ఒక వారము మధ్యాహ్నమున, ఒక వారము రాత్రివేళ పనికి పోవలెను. ఓడరేవునకును, ఉక్కు కర్మాగారమునకును, నౌకానిర్మాణశాలకును అన్నము పెట్టు ఈ పట్టణములో ఇట్టి జీవితము వేలకొలది కుటుంబములకు సుపరిచితమే. ఆ కొలువులో నాకు తెలియకయే ఒక అలవాటు ఏర్పడినది. ఆకలి వేసినప్పుడు గాక గడియారము చెప్పినప్పుడు తినుట, నిద్ర వచ్చినప్పుడు దానిని టీతో తరిమివేయుట, నొప్పి కలిగినచో షిఫ్టు ముగియువరకు దానిని మరచుట. ఇట్లు మరచి మరచి, పదవీవిరమణ నాటికి శరీరము నాతో మాటలాడుట మానివేసినది. అది మానివేసినదనుటకంటె నేను వినుట మానితిననుటయే న్యాయము. అప్పటికే మధుమేహము వచ్చి పండ్రెండేండ్లయినది.

విరమణానంతరము మా కాలనీ భజనమందిరములో ప్రతి శనివారము ఉపన్యాసము చేయుచుంటిని. నాకు మిక్కిలి ఇష్టమైన విషయము దేహము యొక్క అశాశ్వతత్వము. ఇది తోలుతిత్తి, ఇది నీటిబుడగ, దీనిపై మమకారము వలదని గంటసేపు అనర్గళముగా చెప్పెడివాడను. శ్రోతలు తలలూపెడివారు. ఒకనాడు ఆ శ్రోతలలోని ఒక పెద్దమ్మగారు, నాకంటె వృద్ధురాలు, నా మాటలు విని, చక్కెరవ్యాధికి వేసికొను మాత్రలను మానివేసి, స్వామియే చూచుకొనునని మొక్కుకొన్నదట. పదునైదు దినములకు ఆమెను స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేర్చిరి. దైవకృప వలన కోలుకొన్నది. ఆమె కుమారుడు నన్నేమియు అనలేదు. నమస్కరించి ఊరకుండెను. ఆ నమస్కారము నన్ను నేటికిని బాధించుచున్నది.

అయినను బుద్ధి రాలేదు. నా పాదము నాకు బుద్ధి చెప్పవలసి వచ్చినది.

2023వ సంవత్సరము ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు నేను సింహాచల గిరిప్రదక్షిణమునకు వెళ్లితిని. కొండ దిగువ తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరము, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెము సముద్రతీరమును చేరి స్నానమాడి, పట్టణమును చుట్టి, మాధవధార, గోపాలపట్టణముల మీదుగా మరల కొండ దిగువకు వచ్చు 32 కిలోమీటర్ల నడక అది. లక్షలాది భక్తజనము గోవిందనామము చేయుచు రాత్రియెల్ల నడచు ఆ దృశ్యమును చూచి తీరవలెను. నేను పాదరక్షలు లేక, ఎక్కడను కూర్చుండక నడచితిని. నొప్పి అనునది లేదు. ఇది నా భక్తిబలమని లోలోపల గర్వించితిని కూడ.

తెల్లవారి ఇల్లు చేరి కుర్చీలో కూలబడితిని. నా మనుమరాలు వచ్చి, "తాతగారూ, గచ్చుమీద ఈ ఎర్రటి మరకలేమిటి?" అని అడిగినది. వాకిలి మొదలు కుర్చీ వరకు నా ఎడమపాదము రక్తపు ముద్రలు వేసియున్నది. మడమలో అంగుళమున పావువంతు లోతున ఒక కొబ్బరిచిప్ప పెంకు దిగబడియున్నది. తొలిపావంచా వద్ద పగిలిన చిప్పల రాశిలో గ్రుచ్చుకొన్నదో, దారిలో మరెక్కడనైన గ్రుచ్చుకొన్నదో నేను చెప్పలేను. చెప్పగలిగియుండినచో ఈ కథయే లేదు.

వైద్యుడు గాయము కడిగి, ఆరువారములు కట్లు కట్టి, పాదము నిలిచినందుకు సంతోషించుమనెను. పిదప కన్నులు మూసికొనుమని, పది గ్రాముల ఒత్తిడికి వంగు ఒక సన్నని నైలాను పోగుతో అరికాలిలో అక్కడక్కడ తాకి, "తగిలినప్పుడు చెప్పండి" అనెను. నేను తగులుటకై ఎదురుచూచుచు కూర్చుంటిని. పరీక్ష అప్పటికే ముగిసినది. మధుమేహము దీర్ఘకాలముండినచో అరికాళ్లలోని నాడులు క్షీణించి స్పర్శజ్ఞానము పోవును. నొప్పి తెలియదు, వేడి తెలియదు, గాయము తెలియదు. నొప్పి తెలియకపోవుట నా తపస్సు కాదు, నా వ్యాధి.

ఇప్పుడు మన ఆచార్యుల వాక్కును స్మరింపవలసియున్నది. భగవద్రామానుజులవారు శ్రీభాష్యములో శరీరమన నేమి యని విచారించి ఒక నిర్వచనము చేసియున్నారు. ఏ ద్రవ్యమును ఒక చేతనుడు తన ప్రయోజనము కొరకు సర్వదా నియమింపగలడో, ధరింపగలడో, ఏది ఆ చేతనునికి లోబడి అతని కొరకే యుండునో, అది ఆ చేతనునకు శరీరము. ఈ న్యాయముననే సమస్త చిదచిద్వస్తువులును శ్రీమన్నారాయణునకు శరీరము. నేను ఈ నిర్వచనమును ఎన్నిసార్లు ఉపన్యసించితినో లెక్కలేదు. కాని దానిని నా మడమకు అన్వయించి చూచుకొనలేదు. ఆత్మ ధరించి నియమించునది శరీరమైనచో, నేను ధరింపక, నియమింపక, కనీసము గమనింపక విడిచిన ఈ పాదమునకు నేను చేసిన ద్రోహమెట్టిది? అంతేకాదు. నేను స్వామికి శేషభూతుడనైనచో నా శరీరము నాది కాదు, స్వామి సొమ్ము. దేవస్థానపు భూమిని బీడు పెట్టి, ఈ లోకము అశాశ్వతము గదా యని చెప్పు ధర్మకర్తను ఎవరైన మెచ్చుకొందురా? వైరాగ్యమనగా శరీరమును స్వార్థమునకు వాడకుండుటయే గాని, పరుల సొమ్మును పాడుపెట్టుట కాదు. ఆ పెద్దమ్మగారికి నేను చెప్పవలసియుండిన మాట ఇది.

మన సంప్రదాయములో యోగమునకు స్థానము లేదని కొందరు తలచుచున్నారు. ప్రథమాచార్యులైన నాథమునులు మహాయోగి. ఆయన యోగరహస్యమును కురుగై కావలప్పన్ అను శిష్యునకు అప్పగించి, తన మనుమడైన యామునాచార్యులకు ఉపదేశింపుమని ఆదేశించిరి. కావలప్పన్ ఒక దినమును నిర్ణయించి, ఆనాడు రమ్మని పత్రము వ్రాసియిచ్చెను. యామునులు అనంతశయనుని దర్శింప తిరువనంతపురము వెళ్లి, అచట ఆ పత్రమును విప్పి చూడగా నిర్ణీతదినము ఆనాడే యని తెలిసినది. పుష్పకవిమానము లేకపోయెనే యని వారు చింతించిరని గురుపరంపరలో చెప్పుకొందురు. అట్లు ఆ యోగవిద్య మన పరంపర నుండి జారిపోయినది. ఒక పత్రమును వేళకు విప్పి చూడనందున ఎంత నష్టము! నా శరీరమును నాకు వ్రాసిన పత్రములను నేను ఎన్నేండ్లు విప్పక దాచితినో.

ఇరువదవ శతాబ్దములో ఈ తీగ మరల చిగిర్చినది. నాథమునుల వంశమువాడనని చెప్పుకొనిన శ్రీ తిరుమలై కృష్ణమాచార్యులవారు 1888లో కన్నడదేశమున జన్మించి, మైసూరు మహారాజుల ఆశ్రయమున యోగము బోధించి, 1934లో కన్నడభాషలో ‘యోగమకరంద’ మను గ్రంథము వ్రాసి, చెన్నపట్టణమున నూరేండ్లు నిండిన పిదప 1989లో పరమపదించిరి. ఊర్ధ్వపుండ్రములు ధరించి, నిత్యారాధన విడువని శ్రీవైష్ణవుడాయన. రోగులు వచ్చినప్పుడు అందరికిని ఒకే ఆసనమును చెప్పక, వారి వయస్సు, వృత్తి, బలము, వ్యాధి, కాలము చూచి ఎవరికి తగిన అభ్యాసము వారికి నిర్ణయించెడివారు. ఆసనమునకు మనుష్యుని వంచుట కాదు, మనుష్యునకు ఆసనమును వంచుట. నేడు యోగచికిత్స అని దేశదేశములలో వ్యవహరింపబడు విద్యకు ఈ పద్ధతి ఒక ముఖ్యమైన మూలము. ఆయన కుమారుడు శ్రీ దేశికాచార్ 1976లో చెన్నపట్టణమున కృష్ణమాచార్య యోగమందిరమును స్థాపించెను. ఇంకను ముందు, 1924లోనే, లోనావళాలో స్వామి కువలయానందులు కైవల్యధామమును నెలకొల్పి యోగక్రియలను శాస్త్రపరికరములతో పరీక్షింప నారంభించిరి.

వైద్యుని సలహాపై నేను ఒక యోగశిక్షకురాలి వద్దకు వెళ్లితిని. ఆమె వయస్సు నా కుమార్తె వయస్సు. కఠినమైన ఆసనములు వేయింతురని భయపడుచు వెళ్లిన నన్ను ఆమె చాపపై పరుండబెట్టి, "బాబాయిగారూ, మీ ఎడమ మడమ నేలకు ఎక్కడ ఆనుతోందో చెప్పండి" అనెను. ఆత్మను గూర్చి గంటసేపు చెప్పగలవాడను, మడమను గూర్చి ఒక్క మాట చెప్పలేకపోయితిని. "పోనీ, పిక్క?" అనెను. పిక్క తెలిసినది. "అయితే అక్కడినుంచి మొదలుపెడదాం" అనెను.

అచటనుండియే మొదలైనది. స్పర్శ యున్నచోటు నుండి లేనిచోటి యంచు వరకు మనస్సును మెల్లగా నడిపించుట. గోడప్రక్కన తాడాసనములో నిలిచి శరీరభారమును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుచు చీలమండ, మోకాలు, తుంటి ఏమి చెప్పుచున్నవో వినుట. ఉచ్ఛ్వాసముతో చేతులు పైకెత్తుట, నిశ్వాసముతో దింపుట. చివర భ్రామరి, శవాసనము. చూచువారికి ఇది ఒక సాధన యని తోచదు. నాకును మొదట తోచలేదు. మూడవ నెలలో ఒక సాయంకాలము, భోజనమునకు చాల ముందు, చేతులు సన్నగా వణకుట, నుదుట చెమట పట్టుట నాకు తెలిసినది. అంతకు పూర్వము చక్కెర పడిపోయినప్పుడు నేను క్రిందపడిన పిదప ఇంటివారు చెప్పగా తెలిసికొనెడివాడను. ఆనాడు నేనే మొట్టమొదట తెలిసికొని, బెల్లపుముక్క నోట వేసికొని కూర్చుంటిని. నా భార్య ఆశ్చర్యముతో చూచినది. పతంజలి మహర్షి యోగమునకు విఘ్నములను చెప్పునప్పుడు మొట్టమొదట వ్యాధినే పేర్కొని, ఆ విఘ్నములతో కూడివచ్చు లక్షణములలో అంగములు వణకుటను, ఉచ్ఛ్వాసనిశ్వాసములు చెదరుటను చేర్చినాడని పుస్తకములో చదివియుంటిని. ఆ సూత్రము నా చేతివ్రేళ్లలో అర్థమైనది.

నేటి శాస్త్రజ్ఞులు ఈ లోవినికిడికి ఒక స్థానమును గుర్తించియున్నారు. గుండె కొట్టుకొనుట, ఆకలి, ఊపిరి, కడుపులోని కదలికలు మొదలగు అంతరంగ వార్తలన్నియు మెదడులో ఇన్సులా అను భాగమునకు చేరుచుండును. శ్వాసను నిమిషమునకు ఆరు పర్యాయముల వరకు మెల్లగా తగ్గించినచో వేగస్ అను నాడి ప్రభావము హెచ్చి హృదయగతి నెమ్మదించును. దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకంటె ముందు ప్రయత్నింపదగిన ఉపాయములలో యోగమును అమెరికా వైద్యుల సంఘము 2017లో చేర్చినది. ఇంకొకటి మన పట్టణమువారికి ప్రత్యేకముగా చెప్పదగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కిటికీలు పగిలి, చెట్లు కూలి, రాత్రియెల్ల ఆ గాలి హోరును విన్నవారు అనేకులు. మా ప్రక్కయింటి ఇల్లాలు నేటికిని గాలి వీచినచో భుజములు ముడుచుకొని ఊపిరి బిగబట్టును. భయము ఆమె మనస్సులోనిదనుకొంటిమి, కాని అది భుజములలో నున్నది. తీవ్రమైన ఆఘాతములకు గురియైన స్త్రీలపై బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అను వైద్యుడు జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, పది వారములు యోగాభ్యాసము చేసినవారిలో సగముకంటె కొంచెము ఎక్కువమందికి ఆ వ్యాధిలక్షణములు నిర్ణయపు హద్దుకు లోబడిపోయినవి. యోగము చేయనివారిలో అట్టివారు అయిదింట ఒక వంతు మాత్రమే. మాటలకు అందని భయమును శ్వాస ద్వారా, అంగముల ద్వారా సమీపింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

అట్లని యోగము సర్వరోగనివారిణి యని నేను చెప్పను. నా అరికాళ్లకు స్పర్శ మరల రాలేదు, వచ్చునని ఆశయు లేదు. మాత్రలు నేటికిని వేసికొనుచునే యున్నాను. రక్తపుపోటు కలవారు బలవంతముగా కుంభకము చేయరాదు, కంటిలో నీటిపోటు కలవారు శీర్షాసనాదుల జోలికి పోరాదు, గర్భిణులు, శస్త్రచికిత్స జరిగినవారు తెలిసినవారి ఎదుటనే అభ్యసింపవలెను. మందులు మానిపించు గురువును నమ్మవలదు. ఆ తప్పు చేసిన ఉపన్యాసకుడనే ఈ మాట చెప్పుచున్నాను.

2025 జూన్ 21న, అంతర్జాతీయ యోగదినోత్సవమున, మన సముద్రతీరమున ప్రధానమంత్రి సమక్షములో మూడు లక్షలకు పైగా జనము ఒక్కసారిగా యోగాసనములు వేసిరి. నేనును రామకృష్ణా బీచి వైపు ఒక చాపపై ఉంటిని. అంతటి జనసముద్రము ఒకే లయలో చేతులెత్తుట కన్నులపండువుగా నున్నది. కాని మైకులో వచ్చు ఆజ్ఞకు చేయెత్తుట వేరు, ఆ చేయి ఏమి చెప్పుచున్నదో వినుట వేరు. నా ప్రక్కనున్న పెద్దమనిషి ముందుకు వంగలేక పండ్లు బిగించి వంగుచుండెను. ఆయనతో, "బాబూ, అంతవరకు చాలు, అక్కడ ఊపిరి తీసికొనండి" అంటిని. ఆయన నన్ను కొంచెము కోపముగా చూచి, మరికొంచెము వంగెను. పదేండ్ల క్రిందట నేనును అట్లే చేసియుందును.

అదే సంవత్సరము గిరిప్రదక్షిణమునకు నేను నడువలేదు. కొండపై ఆలయముచుట్టు మెత్తని మేజోళ్లతో ప్రదక్షిణము చేసి స్వామికి విన్నవించుకొంటిని. మనస్సు కొంత కుంగిన మాట నిజము. తరువాత మా కాలనీ యువకులు మంచినీరు, మజ్జిగ పంచు చోటికి పోయి, ఒక బల్ల, ఒక బేసిను, కాచి చల్లార్చిన నీరు, దూది, ఒక టార్చిలైటు పెట్టుకొని కూర్చుంటిని. వృద్ధులు కనిపించినప్పుడు కూర్చుండబెట్టి పాదములు కడిగి చూచితిని. కొందరు సిగ్గుపడిరి. భాగవతుల పాదములు కడుగు భాగ్యము నాకు దక్కనిండని చెప్పగా ఒప్పుకొనిరి. ఆ పెద్దమ్మగారి కుమారుడు కూడ ఆ రాత్రి వచ్చి, నేను చెప్పకయే, టార్చి పట్టుకొని నా ప్రక్కన నిలిచెను.

అర్ధరాత్రి దాటిన పిదప అనకాపల్లి వైపు పల్లెనుండి వచ్చిన ఒక రైతు బల్లపై కూర్చుండెను. డెబ్బది దాటిన వయస్సు. నడక ఎట్లున్నదని అడిగితిని. "నాకేటీ తెలీలేదు బాబూ, సామే నడిపించేస్తన్నాడు" అనెను. నేను ఆయన కుడిపాదమును ఒడిలోనికి తీసికొని మెల్లగా త్రిప్పితిని. బొటనవ్రేలి క్రింద రూపాయి నాణెమంత బొబ్బ చితికి, ఇసుక అంటుకొనియున్నది. చక్కెరవ్యాధి ఉన్నదా యని అడిగితిని. ఎప్పుడును చూపించుకొనలేదనెను. వెంటవచ్చిన మనుమని పిలిచి, టార్చి వెలుగులో ఆ పాదమును వానికి చూపించితిని.